ఊ కొట్టే సభ

బౌద్ధుల పాళీ త్రిపిటకంలో అంగుత్తర నికాయమని ఒక పెద్ద సంకలనం ఉంది. అందులో ఒక సూత్రం మనుషుల్ని పట్టి పీడించే అయిదు భయాలను వరసపెట్టి చెబుతుంది. బతుకుతెరువు పోతుందేమోనన్న భయం, నలుగురిలో చెడ్డపేరు వస్తుందేమోనన్న భయం, సభలో నోరు విప్పాలంటే భయం, చావు భయం, చచ్చాక దుర్గతి పడుతుందేమోనన్న భయం. మూడోది చూడండి. రెండు వేల ఏళ్ళ కిందటే సభాకంపానికి చావు పక్కన పీట వేశారు. ఆ కాలంలో అమరావతి, అంటే నాటి ధాన్యకటకం, బౌద్ధానికి పెద్ద కేంద్రం. మహాచైత్యం దగ్గర దొరికిన శాసనాల్లో ధర్మకథికుల ప్రస్తావన ఉంది. జనానికి ధర్మం విడమరిచి చెప్పడం వాళ్ళ పని. నిత్యం సభలో మాట్లాడవలసిన సంఘం కాబట్టే ఈ భయాన్ని అంత శ్రద్ధగా లెక్కలోకి తీసుకుందని నా అభిప్రాయం.

అదే సూత్రం మందు కూడా చెప్పింది. ప్రజ్ఞ, ప్రయత్నం, తప్పు లేని నడవడి, ఆపైన నలుగురినీ కలుపుకుపోయే గుణం. దానం చేయడం, ప్రియంగా మాట్లాడటం, మేలు చేయడం, ఎదుటివారిని సమానంగా చూడటం ఈ నాలుగో దాని కిందికి వస్తాయి. మొదటి మూడూ మాట్లాడేవాడు తనంతట తాను సంపాదించుకోవలసినవి. నాలుగోది అతనికీ ఎదుట కూర్చున్నవాళ్ళకూ మధ్య ఉండేది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మొదటి మూడింటి మీదే పేజీలకు పేజీలు నింపి నాలుగోదాన్ని వదిలేస్తున్నాయి. ఈ అధ్యాయం ఆ నాలుగోదాని గురించే ఎక్కువగా మాట్లాడుతుంది. ఎందుకంటే గత ముప్ఫై ఏళ్ళ ప్రయోగాలు కూడా అటే వేలు చూపిస్తున్నాయి.

చావుకంటే ఉపన్యాసానికే జనం ఎక్కువ భయపడతారన్న మాట మీరు వినే ఉంటారు. 1973లో అమెరికాలో రెండున్నర వేల మంది పెద్దలతో జరిపిన సర్వే నుంచి పుట్టిందది. అందులో 41 శాతం మంది నలుగురి ముందు మాట్లాడాలంటే భయమన్నారు, చావంటే భయమన్నవారు 19 శాతం. ఆ మాట సగమే నిజం. 2012లో నెబ్రాస్కాలో ఇద్దరు పరిశోధకులు విద్యార్థులను రెండు విధాలుగా అడిగి చూశారు. మీకున్న భయాలన్నిటికీ టిక్కు పెట్టమంటే ఉపన్యాసానికి వచ్చినన్ని టిక్కులు మరి దేనికీ రాలేదు. అన్నిటిలోకీ పెద్ద భయం ఏదో చెప్పమంటే చావే ముందు నిలిచింది. అంటే సభాకంపం అన్నిటికంటే లోతైన భయం కాకపోయినా, అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న భయం.

ఒక కౌలు రైతును ఊహించుకోండి. తాడికొండ పక్క మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. 2021-22లో గుంటూరు, ప్రకాశం జిల్లాల తోటల మీద నల్ల తామర పురుగు పడి పూతంతా పోయింది. నష్టపరిహారం రావాలంటే ఈ-క్రాప్ అనే పంట నమోదు జాబితాలో సాగుదారుగా అతని పేరుండాలి. జాబితా గోడకు అంటించారు, అభ్యంతరాలుంటే గ్రామసభలో చెప్పమన్నారు. చూస్తే తన పేరుండవలసిన చోట భూమి యజమాని పేరుంది. అతను చెప్పవలసింది ఒక్క మాట: "అయ్యా, ఆ చేను సాగు చేసింది నేను." చేలో కూలీలతో అరిచి మాట్లాడే మనిషి. యార్డులో దళారీతో రేటు దగ్గర గంటసేపు వాదించగలడు. సభలో మాత్రం లేవలేక కూర్చుండిపోయాడు. ఆ మౌనం ఖరీదు అతని ఒక్క పంట పెట్టుబడి.

ఆ కాసేపట్లో అతని ఒంట్లో ఏం జరిగిందో చూద్దాం. కణతల లోపల, మెదడులో బాదం గింజంత ఉండే అమిగ్డలా ముందు మేలుకుంటుంది. వందమంది కళ్ళు తన మీద పడబోతున్నాయన్న సంగతి దానికి చాలు. అది హైపోథాలమస్‌ను కదిలిస్తుంది, అక్కణ్ణుంచి నరాల గుండా మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళుతుంది. క్షణాల్లో అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. పొట్టకు వెళ్ళే రక్తం కండరాలకు మళ్ళుతుంది, అందుకే కడుపులో దేవినట్టుంటుంది. లాలాజలం తగ్గి నాలుక పిడచకట్టుకుపోతుంది. అరచేతులు చెమ్మగిల్లుతాయి. ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది, గొంతు కండరాలు బిగుసుకుంటాయి, దాంతో నోరు తెరిస్తే కంఠం సన్నబడి వణుకుతుంది. కొట్లాటకో పరుగుకో శరీరం ఇలా సిద్ధపడుతుందని హార్వర్డ్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే ఒక పుస్తకంలో వివరించాడు. చిక్కేమిటంటే, గ్రామసభలో కొట్లాటా కుదరదు, పరుగూ కుదరదు. కదలకుండా నిలబడి వాక్యం తర్వాత వాక్యం కూర్చాలి.

ఆ కూర్చే పని చేసేది నుదుటి వెనక ఉండే మెదడు ముందుభాగం. ఇప్పుడు ఏమన్నాం, తర్వాత ఏమనాలి అన్నది కాసేపు పట్టి ఉంచేది అదే. ఒత్తిడి బాగా పెరిగి నారడ్రినలిన్ ముంచెత్తినప్పుడు సరిగ్గా ఆ భాగమే పట్టు సడలిస్తుంది. రాత్రంతా వల్లెవేసిన మాట లేచి నిలబడగానే మాయమవడం ఇందువల్లే. ఆ మనిషికి తెలివి లేకా కాదు, విషయం తెలియకా కాదు. "నోట్లో నాలుక లేనివాడు" అని ముద్ర వేసేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంత కలతకు కారణం మాట్లాడటమా, వినేవాళ్ళా? జర్మనీలో ట్రియర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1993లో ఒక పరీక్ష రూపొందించారు. కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ వాళ్ళ పేర్లు. ఒత్తిడి మీద పరిశోధించేవాళ్ళు ఈనాటికీ ప్రపంచమంతటా వాడుతున్న పరీక్ష ఇది. మనిషిని పిలిచి, ఒక ఉద్యోగానికి మీరే ఎందుకు తగినవారో 5 నిమిషాలు చెప్పమంటారు. సిద్ధపడటానికి కొద్దిసేపు ఇస్తారు. ఎదురుగా ఒక కమిటీ కూర్చుని ఉంటుంది. ఆ తర్వాత ఇంకో 5 నిమిషాలు నోటిలెక్క: 1022 లోంచి 13 తీసేస్తూ పోవాలి. 1009, 996, 983... తప్పితే ఆపి, మళ్ళీ 1022 నుంచి మొదలుపెట్టమంటారు. మధ్యమధ్య ఉమ్మి నమూనా తీసి, అడ్రినల్ గ్రంథుల నుంచే వచ్చే కార్టిసాల్ అనే మరో హార్మోను ఎంత పెరిగిందో కొలుస్తారు. అది మామూలు కంటే 2 నుంచి 4 రెట్లకు చేరింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పది నిమిషాల మాటలూ లెక్కలూ చేసిన పని అది.

ఈ పరీక్షలో అసలు కిటుకు కమిటీ మొహాల్లో ఉంది. నవ్వకూడదు, తల ఊపకూడదు, కనుబొమ కదపకూడదని వాళ్ళకు ముందే చెబుతారు. అవతలి మనిషి ఆగిపోతే వెంటనే అందించకుండా చూస్తూ ఊరుకుంటారు. మన మాటలో చెప్పాలంటే ఊ కొట్టరు. కథ చెప్పే నాయనమ్మ కూడా మనవడు ఊ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తుంది. ఊ కొట్టని మొహాల ముందు నిలబడటం ఎంత కష్టమో ఆవిడకు ప్రయోగశాల లేకుండానే తెలుసు.

తర్వాత వచ్చిన ప్రయోగాలు కమిటీని మార్చి చూశాయి. ఖాళీ గదిలో ఒంటరిగా నిలబడి అంతసేపే మాట్లాడిస్తే కార్టిసాల్ అలా పెరగలేదు. అంటే నోరు చేసే పనిలో ప్రమాదమేమీ లేదు. 2013లో బోఖుమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు మరో అడుగు వేశారు. కమిటీని ఉంచి, వాళ్ళను చిరునవ్వుతో, తల ఊపుతూ, స్నేహంగా వినమన్నారు. అప్పుడూ కార్టిసాల్ పెరగలేదు! ఎదుట మనుషులున్నారు, మాట్లాడాల్సిందీ ఉంది, ముఖ్యంగా మారింది వాళ్ళ మొహాలూ తీరూ. అంతకుముందే 2004లో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు అప్పటికి జరిగిన 208 ప్రయోగాలను కలిపి పరిశీలించి, పరాయివాళ్ళు మనల్ని తూకం వేస్తున్నారన్న భావన, పరిస్థితి మన చేతిలో లేదన్న భావన కలిసినప్పుడే కార్టిసాల్ అన్నిటికంటే ఎక్కువగా ఎగుస్తుందని తేల్చారు.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు వెళతాను. గుండె దడ లేచేముందూ మొదటి నిమిషంలోనూ అత్యధికంగా ఉండి తర్వాత దానంతటదే దిగుతుంది. కార్టిసాల్ అలా కాదు, అంతా అయిపోయాక మరో పది ఇరవై నిమిషాలకు శిఖరానికి చేరుతుంది. మాట్లాడి వచ్చి కూర్చున్నాక కూడా మనసు కుదుటపడకపోవడం, అన్న ప్రతి ముక్కా మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చి ముడుచుకుపోవడం చాలామందికి అనుభవమే. ఆ అరగంటలో మన మాట గురించి మనం ఇచ్చుకునే తీర్పు నమ్మదగినది కాదు.

ఈ భయం స్వభావం గుంటూరు వాళ్ళకు మిరపకాయతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. తేజ రకం కాయ కొరికితే నోరు మండిపోతుంది, చెమట పడుతుంది, కళ్ళ నీళ్ళు కారతాయి. నోట్లో నిజానికి మంటేమీ లేదు. నాలుక మీది నరాల్లో సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకునే ఒక ద్వారం ఉంది. కాయలోని క్యాప్సైసిన్ ఆ ద్వారాన్ని అంత వేడి లేకుండానే తెరిచేస్తుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనిపెట్టింది, ఆయనకు 2021లో నోబెల్ బహుమతి అందుకే వచ్చింది. సభాకంపంలోనూ గంట మోగడం నిజం, ఒంట్లో మార్పులు నిజం, నిప్పు మాత్రం లేదు. పోలిక ఇక్కడితో ఆగదు. క్యాప్సైసిన్ పదేపదే తగిలితే ఆ ద్వారం స్పందన తగ్గుతుంది. గొడ్డుకారం తింటూ పెరిగినవాళ్ళకు మిగతావాళ్ళంత మంట తెలియకపోవడం మనకు తెలిసిందే. భయం విషయంలో కూడా మళ్ళీ మళ్ళీ ఎదురుపడటమే ప్రధాన చికిత్స. అయితే ఎలాంటి సభకు ఎదురుపడుతున్నామన్నది ముఖ్యం.

ఈ నేల మీద ఊ కొట్టే సభను కళగా తీర్చిదిద్దిన సంప్రదాయం ఒకటుంది. ఇదే తాడికొండ పక్కన పొన్నెకల్లులో 1920లో షేక్ నాజర్ పుట్టాడు. పత్తి ఏకి దూది చేసే దూదేకుల కుటుంబం. ఆయన ఆత్మకథ పేరు కూడా "పింజారి". 1940ల్లో ప్రజానాట్యమండలితో కలిసి ఊరూరా తిరిగి బుర్రకథను లక్షల మంది దగ్గరికి తీసుకెళ్ళాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశాడు. పలనాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ ఆయన చెబుతుంటే రాత్రంతా జనం కదిలేవాళ్ళు కాదని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

బుర్రకథ కట్టుబడిని ట్రియర్ పరీక్ష పక్కన పెట్టి చూడండి. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేళ్ళకు అందెలు. ఇటొకరు అటొకరు వంతలు, చేతుల్లో గుమ్మెటలు. కథకుడు ఒక చరణం పాడి ఆపగానే వంతలు తందాన అని అందుకుంటారు. ఆ అందుకున్నంతసేపూ కథకుడికి ఊపిరి పీల్చుకునే వీలు, తర్వాతి మాట తలచుకునే వీలు. కథకుడు ఒక సంగతి చెబితే ఒక వంత "ఆహా, తర్వాత?" అంటాడు, ఇంకో వంత "అదెట్లా కుదురుతుంది?" అని అడ్డుపడి హాస్యం ఆడతాడు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. జనం ఊ కొట్టేలోపే పక్కనున్నవాళ్ళు ఊ కొడుతున్నారు. వేదిక మీద ఒక్క క్షణం కూడా భయంకరమైన నిశ్శబ్దం ఉండదు. కథకుడు మరిచిపోతే వంత ప్రశ్న వేసి దారిలో పెడతాడు, అది మరపని జనానికి తెలియనే తెలియదు.

దీనికి కాళ్ళ గజ్జెలను కలపండి. కథకుడు ఒక్కచోట నిలబడడు. ముందుకు అడుగు, వెనక్కి అడుగు, గిరుక్కున తిరగడం. పరుగు కోసం శరీరం కూడగట్టిన శక్తికి ఇక్కడ పని దొరుకుతుంది. పోడియం వెనక బిగుసుకుని నిలబడ్డ ఉపన్యాసకుడికి అదే శక్తి మోకాళ్ళ వణుకుగా బయటపడుతుంది. పాడటమంటే ఊపిరిని నెమ్మదిగా, పొడుగ్గా వదలడం. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు సాగితే దడ తగ్గడానికి కారణం ఇదే. బుర్రకథను కట్టినవాళ్ళు కార్టిసాల్ పేరు విని ఉండరు. తరతరాలుగా వేదిక మీద ఏది నిలబెడుతుందో, ఏది పడగొడుతుందో చూసి చూసి నిలబెట్టేదాన్ని ఉంచుకున్నారని నేను నమ్ముతాను.

అవధానం దీనికి పూర్తిగా ఎదురు దిశలో వెళ్ళింది. అక్కడ పృచ్ఛకుల, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళ, పనే కష్టపెట్టడం. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఈ అక్షరం వాడొద్దని అడుగడుగునా నిషేధిస్తారు, ఒకరు గంట కొట్టి లెక్కపెట్టమంటారు, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన సరిగ్గా పద్యం నడుస్తుండగా సంబంధం లేని ప్రశ్నతో దారి తప్పిస్తాడు. చివర ధారణలో అన్ని పద్యాలూ ఒప్పజెప్పాలి. 1022 లోంచి 13 తీసేయడం దీని ముందు ఎంత! నరసరావుపేట, చిలకలూరిపేటల వైపు కొప్పరం అనే ఊరి నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు, వేంకట సుబ్బరాయ కవి, వేంకట రమణ కవి, గత శతాబ్దం మొదట్లో ఆశువుగా పద్యాలు కురిపించి శతావధానాలు చేశారు. వాళ్ళు ఇద్దరు కావడం కూడా గమనించదగ్గదే. ఇంతటి ఒత్తిడిలో అవధాని ఎలా నిలబడతాడంటే, ఆట నియమాలు ముందే తెలుసు. పృచ్ఛకుడు అడ్డుపడేది తనను అవమానించడానికి కాదనీ, తాను నెగ్గితే మొదట ఆహా అనేది అతనేననీ తెలుసు. డికర్సన్, కెమెనీ చెప్పిన రెండు ముళ్ళూ అక్కడ విరిగిపోతాయి.

ఆ ముళ్ళు విరగని సభలూ ఉన్నాయి. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. అదే వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులం వాడిని సభలోకి ఎందుకు రానిచ్చారంటూ కొందరు అవమానించారు. ఈ ఘట్టాన్ని సభాకంపం గురించిన ఏ పుస్తకమూ దాటిపోకూడదు. "ఎవరూ నిన్ను అంతగా పట్టించుకోరు, నీ భయం వట్టి ఊహ" అని చెప్పడం కొందరి విషయంలో అబద్ధం. లేచి నిలబడితే కులం అడిగే ఊళ్ళో దళిత యువకుడి భయం, సర్పంచిగా గెలిచినా భర్తే మాట్లాడే పంచాయతీలో ఆడమనిషి భయం మెదడు చేసిన పొరపాటు లెక్క కాదు. అక్కడ నిప్పు నిజంగానే ఉంది. అలాంటి చోట శ్వాస అభ్యాసాలు నేర్పి ఊరుకుంటే చాలదు, సభను మార్చాలి. జాషువా విషయంలో మారింది. శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి నిండు సభలో ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1970లో పద్మభూషణ్ కూడా వచ్చింది. అందుకు ఎన్ని దశాబ్దాలు పట్టిందో మాత్రం మరిచిపోకూడదు.

మనం కళ్ళారా చూసిన ఉదాహరణ తుళ్ళూరుది. అమరావతి రాజధాని కోసం భూసమీకరణలో భూములిచ్చిన 29 గ్రామాల్లో, 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట రాగానే దీక్షా శిబిరాలు వెలిశాయి. తుళ్ళూరు, మందడం, వెలగపూడి. ఆ ఉద్యమంలోని రాజకీయం ఈ అధ్యాయం పని కాదు. నాకు ఇక్కడ కావలసింది ఆ శిబిరాల్లో ముందు నిలిచిన ఆడవాళ్ళు. మైకు పట్టే అలవాటు లేని గృహిణులు చాలామంది నెలల తరబడి రోజూ వచ్చి కూర్చున్నారు, మాట్లాడారు, చానెళ్ళ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చారు. 2021 నవంబరు 1న తుళ్ళూరు నుంచి తిరుపతికి పాదయాత్ర బయల్దేరితే దారి పొడవునా ఊరూరా మాట్లాడారు. నాలుగేళ్ళకు పైగా సాగిందది.

భయ చికిత్స తెలిసినవాళ్ళు కావాలని ఏర్పాటు చేసినా ఇంత బాగా కుదరదు. అదే టెంటు, అవే మొహాలు, రోజూ కొంతసేపు. వింటున్నవాళ్ళు పిన్నీ, వదినా, పక్కింటి పిల్లా. మాట తడబడితే నవ్వేవాళ్ళు లేరు, ఎందుకంటే అందరికీ పోయేది భూమే. మొదట నినాదానికి గొంతు కలపడం, తర్వాత నాలుగు మాటలు, తర్వాత కొత్త ఊళ్ళో కొత్త మనుషుల ముందు. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని క్రమంగా ఎదుర్కోవడం అంటారు. ఒకప్పుడు ఈ పద్ధతి భయాన్ని చెరిపేస్తుందనుకునేవాళ్ళు. పాత భయం జ్ఞాపకం చెరగదనీ, దాని పక్కన "లేచాను, మాట్లాడాను, ఏమీ కాలేదు" అన్న కొత్త జ్ఞాపకం ఏర్పడి పాతదాన్ని అణచి ఉంచుతుందనీ ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు అంటున్నారు. అందుకే చోటు మారినప్పుడు, చాలాకాలం మానేసినప్పుడు భయం మళ్ళీ తల ఎత్తుతుంది. అది ఓటమి కాదు, మరికొన్ని సభలు కావాలన్న కబురు.

తప్పించుకోవడం దీనికి సరిగ్గా విరుద్ధంగా పనిచేస్తుంది. మన కౌలు రైతు "రేపు కాగితం రాసిద్దాంలే" అనుకోగానే గుండె తేలికపడింది. ఆ తేలికే ప్రమాదం. లేవకపోవడం వల్లే బతికానని మెదడు రాసుకుంటుంది, వచ్చే సభకు భయం ఇంకో అంగుళం పెరిగి ఉంటుంది. సభలో ఉండి కూడా తప్పించుకునే చిన్న దారులున్నాయి: తల ఎత్తకుండా కాగితం చదవడం, గబగబా ముగించడం, చివరి వరసలో నిలబడి గొణగడం. ఇవి ఆ పూట గడుపుతాయే కానీ ఏమీ నేర్పవు.

లేవాలని నిశ్చయించుకున్నవారికి ప్రయోగాలు ఇచ్చే సాయం కొంత ఉంది. గుండె అత్యధికంగా కొట్టుకునేది మొదటి నిమిషంలో కాబట్టి మొదటి రెండు వాక్యాలు నిద్రలో లేపినా చెప్పగలిగేలా కంఠతా పట్టాలి. మొత్తం కంఠస్థం చేస్తే మాత్రం ఒక్క మాట జారినా గొలుసంతా తెగుతుంది. మిగతాదానికి నాలుగు ముఖ్యాంశాలు చాలు. దడగా ఉన్నప్పుడు "శాంతంగా ఉండు" అని మనసుకు చెప్పుకోవడం పెద్దగా పనిచేయదు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉపన్యాసానికి ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్ళు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళ కంటే బాగా, ఎక్కువసేపు మాట్లాడారు. గుండె వేగం తగ్గలేదు. ఆ దడకు పెట్టుకున్న పేరు మారింది. పెళ్ళి పందిట్లోకి అడుగుపెట్టేటప్పుడూ దడే, ఉత్సాహమూ దడే.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం 2003 నాటిది. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతో ఉపన్యాసాలు ఇప్పించి, మీ కంగారు ఎంత బయటపడిందని మాట్లాడినవాళ్ళనూ విన్నవాళ్ళనూ విడివిడిగా అడిగారు. మాట్లాడినవాళ్ళు అనుకున్నదానికంటే విన్నవాళ్ళకు కనిపించింది చాలా తక్కువ. తర్వాత కొందరికి ఈ సంగతి ముందే చెప్పారు: నీ లోపలి కంగారు నువ్వనుకున్నంతగా బయటికి తెలియదు. ఆ ఒక్క మాట విన్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే బాగా మాట్లాడారు, శ్రోతలూ అదే చెప్పారు. ఖర్చు లేని ఇలాంటి మందు వైద్యంలో అరుదు. ప్రతి బడిలో చెప్పవలసిన మాట ఇది.

మన పిల్లల విషయంలో ఇంకో బరువు తోడవుతోంది. వడ్డేశ్వరం, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో సెమినార్ అన్నా, క్యాంపస్ ఇంటర్వ్యూ అన్నా ఇంగ్లీషులోనే. తమ విషయం క్షుణ్ణంగా తెలిసిన పిల్లలు కూడా వ్యాకరణం తప్పుతుందేమోనని నోరు కట్టుకుని కూర్చుంటారు. పరాయి భాషలో మాట్లాడాలన్న భయం విడిగా కొలవదగ్గదని హార్విట్జ్, ఆమె సహచరులు 1986లోనే చూపి, దానికొక కొలబద్ద తయారుచేశారు. మెదడు ముందుభాగం ఒకేసారి విషయాన్నీ, భాషనూ, భయాన్నీ మోయవలసి వస్తుంది. ముందు తెలుగులో నిలబడి మాట్లాడటం అలవాటైన పిల్లకు ఇంగ్లీషులో మోయవలసిన బరువు ఒకటి తగ్గుతుంది. తెలుగులో ఒక్క ఉపన్యాసం ఇవ్వనివ్వకుండా ఇంటర్ దాటించి, తర్వాత ఇంగ్లీషులో గ్రూప్ డిస్కషన్‌కు నెట్టడం అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కొందరిలో ఇది జబ్బు స్థాయికి వెళుతుంది. ఉద్యోగం వదులుకోవడం, చదువు మానుకోవడం, పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళకపోవడం దాకా వస్తే వైద్యుల్ని కలవాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆలోచనల తీరునూ ఎదుర్కొనే అలవాటునూ కలిపి ఇచ్చే చికిత్స చాలామందికి మేలు చేస్తుంది. వణుకూ దడా తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర గురించి స్నేహితులు చెబితే విని సొంతంగా వేసుకోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అది ప్రమాదం.

ఇక సభ వైపు పని. గ్రామసభలో మాట్లాడదలచినవారి పేర్లు ముందురోజే రాసుకుంటే ఎప్పుడు పిలుస్తారోనన్న ఉత్కంఠ తగ్గుతుంది, పరిస్థితి కొంతైనా తమ చేతిలో ఉంటుంది. వేదిక మీదికి రమ్మనకుండా మైకును కూర్చున్నచోటికే పంపవచ్చు. ఇద్దరు కలిసి లేవడానికి ఒప్పుకోవచ్చు, ఒకరు చెబుతుంటే ఇంకొకరు వంతపాడతారు. ముందు వరసలోని అధికారి ఫోను పక్కన పెట్టి, మాట్లాడుతున్న మనిషి మొహం చూసి తల ఊపాలి. బోఖుమ్ కమిటీ చేసింది కూడా దాదాపు అంతే. బడుల్లో బాలసభ ఉంది కదా, అక్కడ బాగా మాట్లాడే నలుగురినే ప్రతిసారీ లేపకుండా, ఈ వారం ప్రతి బిడ్డా ఒక్క వాక్యం, వచ్చే నెల మూడు వాక్యాలు అని పెంచుకుంటూ పోవచ్చు. మాట్లాడే ప్రతి బిడ్డకూ వంతగా ఇంకో బిడ్డను నిలబెట్టి, "ఆ తర్వాత?" అని అడగడం ఆ బిడ్డ పనిగా ఒప్పజెప్పవచ్చు. వచ్చే వారం వాళ్ళు స్థానాలు మార్చుకుంటారు.